దంతరక్షణము: గృహిణుల సందేహములు

గృహమున ప్రాతఃకాలమున జరుగు పనులలో దంతధావనము మొట్టమొదటిది. అయినను దానిని గురించి మనము ఆలోచించునది మిక్కిలి తక్కువ. ఇంటి యజమానికి తలనొప్పి వచ్చిన వెంటనే కాఫీ సిద్ధమగును. బిడ్డకు జలుబు చేసిన కషాయము కాగును. ఇల్లాలికి పన్ను నొచ్చినచో, ఒక లవంగము బుగ్గన పెట్టుకొని ఆమె మరల పొయ్యికడకే పోవును. పండుగ వెళ్ళిన పిమ్మట చూతమనియు, కోతలు ముగిసిన పిమ్మట చూతమనియు దినములు జరుగును. పూడ్పించుకొనిన సరిపోయెడి పన్ను తుదకు తీయించుకొనవలసిన పన్నగును. పంటినొప్పిని వ్యాధికి ఆరంభమని తలచుటయే ఈ జాగునకు మూలము. నిజమునకు వ్యాధి చాల దూరము నడచిన పిమ్మట వచ్చు వార్త అది. ఈ వ్యాసమున మేము ముఖ్యముగా చెప్పదలచినది ఈ యొక్క సంగతియే.

నెల్లూరు సీమలో గూడూరు చెంతనున్న చిల్లకూరు ప్రాంతము నెరిగినవారికి అచ్చటి జీవనము తెలిసినదే. చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు పెద్దబాట యొకవైపు, తూర్పున సముద్రము. నడుమ వరిచేలు, రొయ్యల చెరువులు, తెల్లని ఇసుకనేలలు. చేరువనే గూడూరు నిమ్మకాయల సంత. అచ్చటి గృహిణులకు గాని, తెలుగునాట మరి యే పల్లెలోని గృహిణులకు గాని, దంతముల విషయమున కలుగు సందేహములు ఇంచుమించు ఒక్కటే. వానిలో ముఖ్యమైనవానిని తీసికొని, నేటి వైద్యశాస్త్రము చెప్పు సమాధానములను సోదరీమణులకు విన్నవించుచున్నాము.

“నొప్పి లేని పంటికి వైద్యుడెందులకు?”

పంటి పైపొరను పింగాణి యందురు. మన శరీరమున ఇంతకంటె గట్టి పదార్థము లేదు. కాని దానికి స్పర్శజ్ఞానము లేదు. అన్నము, బెల్లము, బిస్కత్తులు తినిన పిమ్మట పండ్ల నంటియుండు పాచిలోని సూక్ష్మజీవులు ఆ పిండిని, తీపిని పులియబెట్టి ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము పింగాణిలోని ఖనిజములను కొంచెము కొంచెముగా కరగించును. నోటిలోని ఉమ్మినీరు ఆ నష్టమును పూరింప యత్నించును. ఒక తిండికిని మరియొక తిండికిని నడుమ తగిన వ్యవధి యున్నచో ఈ పూరణము జరుగును. గంటగంటకు ఏదో యొకటి నమలుచుండినచో జరుగదు. తీపి యెంత తింటిమనుటకంటె ఎన్నిమారులు తింటిమనునది పంటికి ముఖ్యము.

మొదట పంటిపై సున్నపు చుక్కవంటి తెల్లని మచ్చ కనబడును. ఈ దశలో ఫ్లోరైడు గల పేస్టుతో తోమి, తీపి తగ్గించినచో పన్ను మరల గట్టిపడగలదు. గుంటపడిన పిమ్మట అది తనంత తాను పూడదు. అయినను నొప్పి యుండదు. గుంట లోపలి పసుపుపచ్చని భాగమును చేరినప్పుడు చల్లనీరు తగిలిన జివ్వుమనును. ఇంకను లోపల నరములు, రక్తనాళములు గల మెత్తని గుజ్జును చేరినప్పుడు గాని రాత్రి నిద్రపట్టని నొప్పి రాదు. మచ్చనాడు పేస్టుతో కుదురునది గుంటనాడు సిమెంటుతో పూడ్పవలసివచ్చును. గుజ్జు చెడిననాడు రూట్ కెనాలు వైద్యమో, పన్ను తీయుటయో తప్పదు. ఖర్చును, బాధయు ఒక్కొక్క మెట్టుకు పెరుగుచునే యుండును.

మరియొక మాట. పదిదినములు బాధించిన నొప్పి హఠాత్తుగా నిలిచినచో వ్యాధి పోయినదని సంతోషింపరాదు. లోపలి నరము చచ్చుటచేత నొప్పి తెలియకుండుట తరచు జరుగును. అప్పుడు వేరు కొనకడ చీము చేరుచుండును. దవడ గాని మెడ గాని వాచి, జ్వరము వచ్చి, నోరు తెరచుటకో, మ్రింగుటకో, ఊపిరి తీయుటకో కష్టమైనచో అది ప్రాణాపాయ లక్షణము. తెల్లవారువరకు ఆగక ఆ క్షణమే పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

“వేపపుల్ల మంచిదా, బ్రష్షు మంచిదా?”

వేప, కానుగ, ఉత్తరేణి పుల్లలతో మన పెద్దలు తోముకొనిరి. కొనను మెత్తగా నమలి కుంచెవలె చేసి, ఓపికగా తోమినచో పుల్ల పాచిని తీయగలదు. కాని దవడపండ్ల వెనుకకును, లోపలివైపునకును అది చక్కగా అందదు; పింగాణిని గట్టిపరచు ఫ్లోరైడు అందులో లేదు. కావున మెత్తని కుచ్చుగల బ్రష్షును, ఫ్లోరైడు పేస్టును వాడుట మేలు. పుల్లపై మక్కువ గలవారు ఉదయము దానిని వాడినను, రాత్రి బ్రష్షుతో తోమవలెను. నిద్రలో ఉమ్మినీరు తగ్గును గనుక పంటికి రాత్రియే ఎక్కువ గండము. తెల్లవారి తోమి రాత్రి మానుట, పగలు తలుపు వేసి రాత్రి తెరచియుంచుట వంటిది.

తోమునది రెండు నిమిషములు. బ్రష్షును చిగుళ్ళ అంచున ఏటవాలుగా నుంచి మెల్లగా కదల్పవలెను. బలముకొలది రుద్దినచో చిగుళ్ళు జారి వేళ్ళు బయటపడును. 3 ఏండ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత పేస్టు, 3 మొదలు 6 ఏండ్లవరకు బఠాణీగింజంత పేస్టు చాలును. నురుగు ఉమ్మివేయవలెను గాని మ్రింగరాదు. ఉమ్మిన పిమ్మట నీటితో పదేపదే పుక్కిలించినచో మందు కొట్టుకొనిపోవును. కుచ్చు వంగినను, మూడు నెలలు గడచినను బ్రష్షును మార్చవలెను.

ఇసుక, ఇటుకపొడి, బొగ్గు, కచిక మొదలగువానితో తోముట పూర్తిగా మానదగినది. చిల్లకూరు, కోట మండలముల తెల్లని ఇసుక గాజు చేయుటకు పేరుపడినది. ఖనిజముల గట్టిదనమును కొలుచు మోహ్స్ కొలతలో ఆ ఇసుకలోని స్ఫటికము 7, పంటి పింగాణి ఇంచుమించు 5. ఈ రెంటిని రాచినచో అరిగిపోవునది ఏదియో చెప్పనక్కరలేదు. పొడివలన పండ్లు తళతళలాడుట కొన్నాళ్ళమాట. అరిగిన పింగాణి మరల మొలవదు.

“నిమ్మచెక్కతో రుద్దిన పండ్లు తెల్లబడునుగదా?”

గూడూరు ప్రాంతమున నిమ్మకాయకు కొదువ లేదు. ఉప్పద్దిన నిమ్మచెక్కతో పండ్లు రుద్దుకొను వాడుకయు లేకపోలేదు. నిమ్మరసము చాల తీక్ష్ణమైన ఆమ్లము. ఆమ్లమును కొలుచు పి.హెచ్. లెక్కలో అది 2కును 3కును నడుమ నుండును. ఆ లెక్క సుమారు 5.5కు దిగినప్పటినుండియే పింగాణి కరగ మొదలిడును. నిమ్మచెక్కవలన వచ్చు తెలుపు, పైపొర కరగుటవలన వచ్చునదే. ఇట్లు కరగి కరగి లోపలి పసుపు భాగము బయటపడినప్పుడు పండ్లు మునుపటికంటె పచ్చనగును. చల్లనిది, పుల్లనిది తగిలిన జివ్వుమనును.

ఇందుచేత నిమ్మకాయను ఇంటినుండి వెడలగొట్టనక్కరలేదు. పులిహోరలో, పప్పులో, మజ్జిగలో అన్నముతోపాటు పోవు రసమువలన భయము లేదు. దినమంతయు గుటక గుటకగా నిమ్మనీరు చప్పరించుచుండుట, చెక్కను పంటికి రాయుట, ఇవి హాని. పుల్లనిది త్రాగిన వెంటనే మంచినీటితో పుక్కిలింపవలెను. మెత్తబడిన పింగాణి కుదుటపడుటకు అరగంటయైన ఆగి, పిమ్మట తోమవలెను.

“నీటివలన పండ్లకు మచ్చలు పడునందురు, నిజమా?”

నిజము. ఇందు నెల్లూరు సీమకు వైద్యచరిత్రలో నొక స్థానము గలదు. 1937లో షార్టు, మెక్‌రాబర్టు మొదలగు వైద్యులు నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలలో ఫ్లోరైడు వ్యాధిని వర్ణించి ప్రకటించిరి. మన దేశమున ఈ వ్యాధి మనుష్యులలో నుండుటను శాస్త్రీయముగా తెలిపిన తొలి వ్రాతలలో అది యొకటి. నేలలోని రాళ్ళనుండి ఫ్లోరైడు నీటిలో దిగును. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించినచో, ఎదుగుచున్న బిడ్డల పండ్లలో సుద్దవంటి తెల్లని గీతలు, గోధుమరంగు మచ్చలు ఏర్పడును. మోతాదు ఇంకను పెరిగి ఏండ్లతరబడి త్రాగినచో ఎముకలును, కీళ్ళును బిగిసికొనిపోవును.

పేస్టులో మేలుచేయు ఫ్లోరైడు నీటిలో కీడు చేయుటకు కారణము మోతాదే. పేస్టును ఉమ్మివేయుదుము, నీటిని త్రాగుదుము. కూరలో ఉప్పువంటిదే ఇదియు. ఈ మచ్చలు పండ్లు లోపల తయారగుచున్న కాలముననే, అనగా సుమారు 8 ఏండ్లలోపున, పడును గాని పెద్దయైన పిమ్మట క్రొత్తగా పడవు. ఎంత తోమినను పోవు. అవి మురికి కావు గనుక వానికై బిడ్డను నిందింపరాదు. నీటిని కాచినచో ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరి మరింత చిక్కబడును. ఒకే యూరిలో ఒక బోరుకును మరియొక బోరుకును భేద ముండును. కావున పిల్లలు త్రాగు నీటిని గ్రామీణ నీటిసరఫరా శాఖవారి ప్రయోగశాలలో పరీక్షింపించుట ఉత్తమము.

“బిడ్డకొక పన్ను పోవుట సహజమేనా?”

కాన్పునకొక పన్ను రాలుట స్త్రీకి విధివ్రాతయని చాలమంది నమ్ముచున్నారు. కడుపులోని బిడ్డ తల్లి పండ్లనుండి సున్నమును లాగుకొనదు; ఎన్నడును అట్లు జరుగదు. జరుగునది వేరు. గర్భకాలమున శరీరమున కలుగు రసముల మార్పువలన, పాచి కొంచెమున్నను చిగుళ్ళు ఉబ్బి రక్తము కారును. వేవిళ్ళలో వాంతులవలన కడుపులోని ఆమ్లము పండ్లను తాకును. మాటిమాటికి చిరుతిండి తినవలసివచ్చును. వైద్యుని యొద్దకు పోరాదను భయముచే చిన్న పిప్పి పెద్దదగును. పన్ను పోవుట ఈ కారణములవలన. ఇవి యన్నియు నివారింపదగినవే.

రక్తము వచ్చుచున్నదని తోముట మానరాదు. మెత్తని బ్రష్షుతో ఇంకను శ్రద్ధగా తోమవలెను. వాంతియైన పిమ్మట గ్లాసెడు నీటిలో చెంచాడు తినుసోడా కలిపి పుక్కిలించి, కొంతసేపటికి తోమవలెను. గర్భిణికి దంతవైద్యము నిషిద్ధము కాదు. 4, 5, 6 నెలలు మిక్కిలి అనుకూలము. చీము, వాపు ఉన్నచో ఏ నెలయైనను ఆగరాదు. వైద్యునితో గర్భిణినని ముందుగా చెప్పవలెను. టెట్రాసైక్లిను జాతి మందులు పుట్టబోవు బిడ్డ పండ్లకు రంగు పట్టించును గనుక మందులదుకాణమున అడిగి తెచ్చుకొన్న మాత్రలు మ్రింగరాదు.

“రాలిపోవు పాలపండ్లకు వైద్య మెందులకు?”

పాలపండ్లు ఇరువది. ముందుపండ్లు ఆరేడేండ్లకు రాలినను, వెనుక దవడపండ్లు 10, 12 ఏండ్లవరకు ఉండవలసినవి. అవి క్రిందనుండి వచ్చు పెద్దపండ్లకు చోటు కాచి యుంచును. ముందే పోయినచో ప్రక్కపండ్లు ఒరిగి, వచ్చునవి వంకరగా వచ్చును. నొచ్చు పంటితో బిడ్డ తిండియు, నిద్రయు చెడును.

తల్లులు పొరపడు విషయ మొకటి గలదు. 6 ఏండ్ల ప్రాయమున పాలపండ్ల కన్నిటికి వెనుక, ఏ పన్నును రాలకయే, ప్రతి దవడకు ఇరువైపుల నొక్కొక్కటి చొప్పున క్రొత్త పన్ను మొలచును. దానిని పాలపన్నని తలచి ఉపేక్షింతురు. అది జీవితకాలమునకు వచ్చిన పన్ను. పోయినచో మరియొకటి రాదు. పిప్పిపట్టువానిలో తరచు మొదటిది అదియే. బిడ్డకు ఆరవయేడు రాగానే నోరు తెరపించి వెనుకవైపు చూడవలెను. ఏడెనిమిదేండ్లవరకు పెద్దలే తోమవలెను. చక్కెర కలిపిన పాలసీసా నోటనుంచి నిదురపుచ్చరాదు.

ఆటలో పడి పెద్దపన్ను ఊడివచ్చినచో దానిని వేరు పట్టుకొనక పైభాగమున పట్టుకొని, మురికి యున్న ఒక్కమారు మెల్లగా పాలతోనో నీటితోనో కడిగి, అదే గుంటలో నిలిపి, గుడ్డ కరపించి వైద్యుని యొద్దకు పరుగెత్తవలెను. అట్లు పెట్టలేకున్న చల్లని పాలలో వేసి తీసికొనిపోవలెను. గంటలోపల చేరినచో పన్ను నిలుచుట కవకాశము గలదు. పాలపన్నైన తిరిగి పెట్టరాదు.

“పై పన్ను తీసినచో కంటిచూపు పోవునా?”

పోదు. పంటికి పోవు నరము వేరు, చూపునకు సంబంధించిన నరము వేరు. ఈ భయముచే చీముపట్టిన పై పంటిని ఏండ్లతరబడి నోట నుంచుకొనుటవలననే ముఖము వాచి, కంటిచుట్టును వాపు ప్రాకు ప్రమాదము గలదు. చూపునకు భయపడువారు పన్ను చూపించుకొనుటయే తగును.

గార తీయించినచో పండ్లు వదులగుననుటయు ఇట్టిదే. పాచి గట్టిపడి గారయగును. గార చిగుళ్ళను, ఎముకను తినివేయును. అప్పటికే కదలు పంటిని గారపెళ్ళ పట్టి నిలిపినట్లు తోచును. దానిని తీసిన పిమ్మట అసలు స్థితి తెలియును. మధుమేహము గలవారికి చిగుళ్ళవ్యాధి త్వరగా ముదురును; చిగుళ్ళవ్యాధి యున్నచో రక్తమున చక్కెర అదుపునకు వచ్చుట కష్టమగును. అట్టివారు రెంటిని కలిపి చూచుకొనవలెను.

ఇక లవంగమాట. లవంగతైలము కొంతసేపు నొప్పిని మొద్దుబార్చును, వ్యాధిని మాన్పదు. వైద్యుని చేరువరకు దానిని వాడవచ్చును. కిరసనాయిలు, పొగాకు, సున్నము పంటిలో కూరుటయు, నొప్పిమాత్రను చిగురుపై అదుముటయు నోటిని కాల్చును.

“తాంబూలము మంగళకరముగదా?”

పేరంటమున తాంబూల మిచ్చిపుచ్చుకొనుట మన మర్యాద. దినమెల్ల వక్క నములుట వేరు. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2004లో వెలువరించిన గ్రంథమున, పొగాకు కలియకున్నను వక్క క్యాన్సరును కలిగించునని తేల్చినది. వక్క వలన బుగ్గల లోపలి పొర బిగిసి, నోరు తెరువరాకపోవు వ్యాధియు వచ్చును. పొగాకు చేరినచో కీడు ఇంకను పెరుగును. పొగాకు కలిపిన పండ్లపొడులను, పేస్టులను భారతప్రభుత్వము 1992లో నిషేధించినది. అయినను విడిగా పొగాకుపొడి చిగుళ్ళకు రాయు అలవాటు పూర్తిగా పోలేదు. శ్రీకాకుళము ప్రాంతపు స్త్రీలలో చుట్టను నిప్పువైపు నోట నుంచుకొని త్రాగు “అడ్డపొగ” ప్రసిద్ధము. 1971లో ప్రకటితమైన పరిశోధనలో 10,169 మంది ఆంధ్రగ్రామీణులను పరీక్షించి, ఈ అలవాటువలన అంగుటిలో కలుగు మార్పులను వివరించిరి.

నోటిలోని పుండు మూడువారములు దాటియు మానకున్నను, తెల్లని లేక ఎర్రని మచ్చ నిలిచియున్నను, నొప్పి లేకపోయినను తప్పక చూపింపవలెను. ఇచ్చటకూడ నొప్పి ఆలస్యముగానే వచ్చును.

“ఎవరికి చూపింపవలెను?”

డాక్టరు ఆర్. అహమ్మదు 1920లో కలకత్తాలో దంతవైద్య కళాశాలను స్థాపించిన నాటికిని నేటికిని ఎంతో భేద మున్నది. నేడు బి.డి.ఎస్. చదివి రిజిస్టరైన వైద్యులు చిన్న పట్టణములలోను ఉన్నారు. నెల్లూరున నారాయణ దంతవైద్య కళాశాల గలదు. ఇట్టి కళాశాలలలో విద్యార్థులు అనుభవజ్ఞుల పర్యవేక్షణమున చికిత్స చేయుదురు. బాటప్రక్క కూర్చుండి పండ్లు కట్టువారికి నోరప్పగింపరాదు. శుభ్రపరుపని పనిముట్లవలన రక్తము ద్వారా ప్రాకు రోగములు వచ్చును.

పండ్లున్నవానికి పప్పులు లేవు, పప్పులున్నవానికి పండ్లు లేవు అని సామెత. వార్ధక్యమున పండ్లు పోవలసినదే యను నియమ మేదియు లేదు. కాచుకొన్న పన్ను కడవరకు నిలుచును. ఇంటిలో ఎవరి విస్తరిలో ఏమి తక్కువైనదో గమనించు ఇల్లాలు, నెలకొకమారు వెలుతురున అద్దము పట్టుకొని తన నోటిని తాను చూచుకొనవలెను. తెల్లని మచ్చ, నల్లని గుంట, రక్తము కారు చిగురు, కదలు పన్ను, మానని పుండు, వీనిలో ఏది కనబడినను అదియే పిలుపు. ఏడాదికొకమారు పిల్లలను వైద్యునకు చూపించుటకు పోయిన దినముననే, తానును ఆ కుర్చీలో కూర్చుండి తన పండ్లను చూపించుకొనవలెను. ఆ పది నిమిషములు పొయ్యి ఆరియున్నను ఇల్లు నిలుచును.